తీపి, బిగువు, నునుపు: మధురధ్వనిని చెప్పే ఇంగ్లీషు మాటల పుట్టుక, నడక

ఉపోద్ఘాతం

వినసొంపైన ధ్వనిని వర్ణించడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. స్వీట్, మెలో, డల్సెట్, మెలిఫ్లువస్, మెలోడియస్, హార్మోనియస్, యూఫోనియస్, సోనరస్, రెజొనెంట్, సిల్వరీ, లిల్టింగ్ అంటూ జాబితా సాగుతూనే ఉంటుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు వీటిలో చాలావాటిని ‘మధురమైన’, ‘శ్రావ్యమైన’ అన్న రెండు విశేషణాలతో సరిపెడుతుంటాం. కచేరీ సమీక్షలు అనువదించేవారికి, ఇంగ్లీషు కవిత్వం పాఠం చెప్పేవారికి, మన పాటల గురించి ఇంగ్లీషులో రాసేవారికి ఈ సర్దుబాటు వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. ఆ మాటల్లో ఒక్కొక్కటి ధ్వనిలోని ఒక్కొక్క గుణాన్ని పట్టుకుంటుంది. ఆ గుణం ఏదన్నది చాలావరకు ఆ మాట పుట్టిన చోట తెలుస్తుంది.

ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇది: మధురధ్వనిని చెప్పే ఇంగ్లీషు మాటల్లో అధికభాగం రెండు విధాల అరువు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషల నుంచి తెచ్చుకున్నది మొదటి అరువు. నాలుక, చర్మం, కన్ను ఎరిగిన అనుభవం నుంచో, వాద్యాన్ని బిగించి శ్రుతి చేసే చేతిపని నుంచో తెచ్చుకున్నది రెండోది. ఇది భాష పేదరికానికి గుర్తు కాదు. చెవికి మాత్రమే తెలిసిన అనుభవాన్ని నలుగురికీ అందేలా చెప్పాలంటే మనిషికి దొరికిన దారి అదే. శబ్దచరిత్ర, ధ్వనిశాస్త్రం, శ్రోతలపై జరిగిన పరిశోధనలు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఈ ప్రతిపాదనను పరిశీలిద్దాం.

పోయిన దేశి మాటలు

ధ్వని అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘సౌండ్’ అన్న మాటే దేశ్యం కాదు. లాటిన్ ‘సోనుస్’ నుంచి పుట్టిన నార్మన్ ఫ్రెంచి రూపం 1066 నాటి నార్మన్ విజయం తర్వాత ఇంగ్లండులో స్థిరపడింది. చివరి ‘డ’కారం ఆ తర్వాత ఇంగ్లీషువారి నోట చేరినదే. అంతకుముందు ప్రాచీన ఇంగ్లీషుకు సొంత మాటలు ఉండేవి. ధ్వనికి ‘స్వేగ్’, శ్రావ్యమైన గానానికి ‘స్విన్సుంగ్’. ‘డ్రీమ్’ అనే మాటకు ఆనాడు ఆనందం, సంగీతం, సందడి అనే అర్థాలుండేవి. నిద్రలో కనే కల అనే అర్థం మధ్యయుగపు ఇంగ్లీషులో వచ్చింది. అది రాగానే సంగీతార్థం మరుగున పడిపోయింది.

‘స్విన్సుంగ్’ కథ తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించేది. దాని మూలధాతువు, లాటిన్ ‘సోనుస్’ మూలం, సంస్కృత ‘స్వన’ మూలం ఒక్కటే. మనం నిస్వనం అన్నా, వాళ్లు సౌండ్ అన్నా ఒకే ప్రాచీన ధాతువు పలుకుతుందన్నమాట. ఇంగ్లీషు ఆ ధాతువు నుంచి తన ఇంట్లో పుట్టిన మాటను పోగొట్టుకుని, అదే ధాతువు నుంచి లాటిన్ ఇంట్లో పుట్టిన మాటను తెచ్చుకుంది. అయితే దేశి రూపం పూర్తిగా చెరిగిపోలేదు. హంసను చెప్పే ‘స్వాన్’ కూడా ఈ ధాతువు నుంచే వచ్చిందని, దానికి ‘మోగేది, పాడేది’ అని తొలి అర్థం ఉండవచ్చని శబ్దచరిత్రకారులు భావిస్తారు. అలాగే ‘పాడు’ అనే అర్థంలో ఉన్న ప్రాచీన క్రియ ‘గాలన్’ ఇంగ్లీషులో నశించినా, ‘నైటింగేల్’ అన్న పేరులో నిలిచి ఉంది. రాత్రి పాడేది అని దాని అర్థం. హైదరాబాదులో పుట్టి, ఇంగ్లీషులో కవిత్వం రాసి, 1905లో ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ సంపుటి వెలువరించిన సరోజినీ నాయుడికి వచ్చిన ‘నైటింగేల్ ఆఫ్ ఇండియా’ బిరుదులో వెయ్యేళ్ల కిందటి ఈ క్రియాపదం దాగి ఉంది. ఇంగ్లీషు తాను పోగొట్టుకున్న దేశి గానపదాల్లో కొన్నిటిని ఇలా పక్షుల పేర్లలో దాచుకోగలిగింది.

ఈ ఖాళీ ఏర్పడ్డాక మాటలు రెండు అంతస్తులుగా స్థిరపడ్డాయి. ఇంట్లో, వీధిలో వినిపించే చప్పుళ్లకు హమ్, రింగ్, కూ వంటి చిన్న మాటలు ఉన్నాయి. ప్రశంసకు, విమర్శకు, ఉపన్యాసానికి లాటిన్, గ్రీకు మూలాల పెద్ద మాటలు ఉన్నాయి. చదువుకున్నవాడి కలంలోనే మెలిఫ్లువస్, యూఫోనియస్ కనిపించడానికి కారణం ఇదే. ఈ మాటల గౌరవస్థాయి వాటి చరిత్ర ఇచ్చినదే తప్ప వాటి అర్థం ఇచ్చినది కాదు.

రుచి నుంచి చెవికి

దేశి మాటల్లో ఇప్పటికీ బలంగా ఉన్నది ‘స్వీట్’. సంస్కృత ‘స్వాదు’, లాటిన్ ‘సువావిస్’ దీని సోదర శబ్దాలు. నాలుకకు తెలిసిన తీపిని గొంతుకు అంటగట్టడం ప్రాచీన ఇంగ్లీషులోనే మొదలైంది. అంటే లాటిన్ మూలపు వర్ణనపదాలు రాకముందే ఇంగ్లీషు ఈ దారి తొక్కింది. తర్వాత వచ్చిన పెద్ద మాటలు ఆ దారినే వెడల్పు చేశాయి.

‘మెలిఫ్లువస్’లో లాటిన్ ‘మెల్’ అంటే తేనె, ‘ఫ్లువెరె’ అంటే ప్రవహించు. మన ‘తేనెలొలికే’ అనే విశేషణానికి ఇంత దగ్గరి ఇంగ్లీషు మాట మరొకటి లేదు. ఈ విశేషణం చరిత్రలో ఎవరికి అతుక్కుందో చూస్తే దాని అసలు పని తెలుస్తుంది. 1153లో మరణించిన క్లెర్వో మఠాధిపతి బెర్నార్డును క్రైస్తవ లోకం ‘డాక్టర్ మెలిఫ్లువుస్’ అని పిలుచుకుంది. ఆయన చనిపోయి 800 ఏళ్లయిన సందర్భంగా 1953లో పోప్ పన్నెండో పయస్ ఆ పేరుతోనే ఒక లేఖను వెలువరించాడు. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ ‘పలాడిస్ టామియా’ అనే గ్రంథంలో ఈ విశేషణాన్నే షేక్‌స్పియర్‌కు తగిలించాడు. ఒకరు మతబోధకుడు, మరొకరు కవి. ఇద్దరూ గాయకులు కారు. తేనెతో పోలిక ఇక్కడ శ్రుతికి సంబంధించినది కాదు. వాక్యం ఎక్కడా తడబడకుండా జారే ధారకు సంబంధించినది. మెలిఫ్లువస్‌లో తేనె ఎంత ముఖ్యమో ప్రవాహం అంత ముఖ్యం.

‘డల్సెట్’ మూలం లాటిన్ ‘డుల్సిస్’. ఫ్రెంచిలో అది ‘డూసె’ అయి, అక్కడి నుంచి మధ్యయుగపు ఇంగ్లీషులోకి ‘డూసెట్’గా వచ్చింది. తర్వాతి పండితులు లాటిన్ వర్ణక్రమానికి దగ్గరగా దాన్ని మళ్లీ దిద్దారు. మధ్యయుగపు వంటకాల్లో ‘డూసెట్’ అన్నది పాలు, గుడ్లతో చేసే ఒక తీపి వంటకం పేరు. 14వ శతాబ్దంలో చాసర్ ‘ది హౌస్ ఆఫ్ ఫేమ్’లో ఆ పేరే ఒక పిల్లనగ్రోవి జాతి వాద్యానికి కనిపిస్తుంది. ఒకే మాట వంటింట్లోనూ కచేరీలోనూ పనిచేసిన కాలం అది. ఈ కుటుంబం నుంచి వాద్యాలకు వచ్చిన పేర్లు ఇంకా ఉన్నాయి. కర్రలతో కొట్టి వాయించే తీగవాద్యం డల్సిమర్, నేటి బసూన్‌కు పూర్వరూపమైన డల్షియన్, పైప్ ఆర్గన్‌లో మెత్తగా పలికే డల్సియానా వరస ఈ కోవలోవే. ఇటాలియన్ సంగీత లిపిలో ‘దోల్చె’ అని రాస్తే తీయగా, మృదువుగా వాయించమని సూచన.

తీపి మాట అన్నిచోట్లా మంచికే వాడతారనుకోకూడదు. మిల్టన్ 1667 నాటి ‘పారడైజ్ లాస్ట్’ మొదటి సర్గలో డల్సెట్ అన్న విశేషణాన్ని నరకంలో సైతాను సభాభవనం పైకి లేచే ఘట్టంలో వాడాడు. అదే సర్గలో సైన్యం కవాతుకు మోగే ఇత్తడి బాకాలకు సోనరస్ అన్న మాట వాడాడు. ఒకటి మెత్తగా మోసపుచ్చే తీయదనం, రెండోది ఎముకల్లోకి దిగే గాంభీర్యం. శ్రావ్యత ఎన్ని పాయలుగా చీలుతుందో ఆ కవికి తెలుసు. రెండింటికీ ‘మధురమైన’ అనే అనువాదం రాస్తే ఆ ఎరుక మొత్తం పోతుంది. ఇంకో విషయం: నేటి ఇంగ్లీషులో ‘డల్సెట్ టోన్స్’ అన్న పదబంధాన్ని ఎక్కువగా వేళాకోళానికి, కర్కశమైన గొంతును ఎత్తిపొడవడానికి వాడతారు. మన రచయితలు గౌరవంగా ఒక గాయని గురించి రాస్తూ దీన్ని వాడేముందు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

‘మెలో’ అన్నది పండు మాగిన స్థితిని చెప్పే మాట. పండు మెత్తబడి, పులుపు విరిగి, తీపి నిండిన దశ అది. అందుకే లేత గొంతుకు ఆ మాట నప్పదు. వయసు, సాధన, అనుభవం కలిసి పదును తగ్గించిన గొంతుకే అది తగినది.

పనివాళ్ల చేతుల్లో పుట్టిన మాటలు

రుచితో సంబంధం లేని మరో పెద్ద పాయ చేతిపని నుంచి వచ్చింది. ‘టోన్’ మూలం గ్రీకు ‘తోనోస్’. దాని అర్థం లాగి బిగించడం. తీగ ఎంత బిగిస్తే స్వరం అంత పైకి పోతుందన్న అనుభవం నుంచి బిగువు పేరే స్వరానికి వచ్చింది. సంస్కృతంలో సాగదీయడాన్ని చెప్పే ‘తన్’ ధాతువు దీని తోబుట్టువు. తంతువు, తంత్రి అన్న మాటలు ఆ ధాతువు నుంచే వచ్చాయి. రాగం, తానం, పల్లవిలోని తానం కూడా అక్కడిదే. ‘ట్యూన్’ అన్నది టోన్‌కే మారురూపం. శ్రుతి చేయడం, పాట వరస, రెండు అర్థాలూ దానికి ఉన్నాయి. ‘ట్యూన్‌ఫుల్’ అంటే వరస స్పష్టంగా పట్టుబడేది, విన్నవాడు మళ్లీ కూనిరాగం తీయగలిగేది.

‘హార్మనీ’ వడ్రంగుల మాట. గ్రీకులో ‘హార్మోనియా’ అంటే అతుకు, రెండు దూలాలను కలిపే కీలు. హోమర్ ‘ఒడిస్సీ’ అయిదో సర్గలో ఒడిస్యూస్ తెప్ప కట్టుకుంటూ కొయ్యలను ఈ అతుకులతోనే బిగిస్తాడు. తర్వాత గ్రీకు సంగీతశాస్త్రం ఈ మాటను స్వరాల అమరికకు వాడింది. వేర్వేరు స్వరాలు ఒకేసారి మోగి ఒదగడం అనే నేటి అర్థం ఐరోపాలో బహుస్వర గానం పెరిగాక బలపడింది. కర్ణాటక సంగీత కచేరీ సమీక్షలో హార్మోనియస్ అని రాసేటప్పుడు ఇక్కడే జాగ్రత్త కావాలి. మన రాగసంగీతం ఒక్కొక్క స్వరం వరుసగా నడిచే సంగీతం. ఆధారశ్రుతితో స్వరం కలిసిపోవడాన్ని ఆ మాటతో చెప్పవచ్చునేమో కానీ, పాశ్చాత్య పాఠకుడికి అది స్వరగుచ్ఛాల ఊహ కలిగిస్తుంది. అక్కడ మెలోడియస్ సరైన మాట.

‘మెలొడీ’లో ఉన్న గ్రీకు ‘మెలోస్’కు మొదటి అర్థం శరీరావయవం. తర్వాత పాటకు, పాటలోని భాగానికి ఆ పేరు వచ్చింది. మన లక్షణగ్రంథాలు ప్రబంధానికి ఆరు అంగాలు చెప్పడంలోనూ ఇదే ఆలోచన ఉంది. పాట ఒక దేహం, స్వరసంచారాలు దాని అవయవాలు. అందుకే మెలోడియస్ అన్న మాట ధ్వని నాణ్యతను చెప్పదు. స్వరాలు ఒకదాని వెంట ఒకటి పొందికగా రావడాన్ని చెబుతుంది. గొంతు కీచుగా ఉన్నా వరస మెలోడియస్ కావచ్చు. గొంతు ఎంత నిండుగా ఉన్నా వరస లేకపోతే కాదు.

‘సిల్వరీ’ లోహాల వైపు నుంచి వచ్చింది. చిన్నగా, పలుచగా, తేటగా మోగే ధ్వనికి ఈ మాట వాడతారు. నిజానికి గంటలు పోసేది వెండితో కాదు, సుమారు నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరం కలిపిన కంచుతో. వెండి కలిపితే గంట నాదం పెరుగుతుందన్న నమ్మకం ఐరోపాలో చాలాకాలం ప్రచారంలో ఉంది. లోహశాస్త్రం దాన్ని సమర్థించదు. కాబట్టి సిల్వరీ అన్నది వెండి మోగే తీరును గాక వెండి మెరిసే తీరును చెవికి తెచ్చిన మాట. ఈ విషయంలో తెలుగు ‘కంచుకంఠం’ వాస్తవానికి దగ్గర. మోగే లోహం పేరే మోగే గొంతుకు పెట్టింది తెలుగు. అర్థంలోనూ తేడా ఉంది. కంచుకంఠం దూరానికి వినిపించే నిండు గొంతు; దానికి ఇంగ్లీషులో తగినది సోనరస్, సిల్వరీ కాదు.

స్పర్శ, కాంతి, శాస్త్రం

ఇంద్రియాల మధ్య ఈ రాకపోకలకు ఒక దిశ ఉందని గుర్తించినవాడు స్టీఫెన్ ఉల్‌మన్. 1951లో వచ్చిన ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సెమాంటిక్స్’లో ఆయన 19వ శతాబ్దపు కవుల ప్రయోగాలు పోగుచేసి లెక్కించాడు. అత్యధిక ప్రయోగాల్లో స్పర్శ, రుచి వంటి దగ్గరి ఇంద్రియాల మాటలు వినికిడి, చూపు వంటి దూరపు ఇంద్రియాల వైపు ఎగబాకాయి. 1976లో ‘లాంగ్వేజ్’ పత్రికలో జోసెఫ్ విలియమ్స్ దీన్ని కవిత్వం దాటించి, ఇంగ్లీషు విశేషణాల వెయ్యేళ్ల చరిత్రకు అన్వయించాడు. స్పర్శ మాటలు రుచికి, రంగుకు, ధ్వనికి పోతాయి. రుచి మాటలు వాసనకు, ధ్వనికి పోతాయి. రంగు, ధ్వని ఒకదానికొకటి మాటలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సాఫ్ట్, స్మూత్, షార్ప్, రఫ్ అనేవి మొదటి కోవ. స్వీట్, డల్సెట్ రెండో కోవ. బ్రైట్, సిల్వరీ మూడో కోవ. ధ్వని నుంచి స్పర్శకు, రుచికి వెళ్లిన మాటలు దాదాపు కనపడవు. చెవి అందరి దగ్గరా పుచ్చుకుంటుంది, నాలుకకూ చర్మానికీ తిరిగి ఇచ్చేది చాలా తక్కువ.

ఈ మాటలు కేవలం అలంకారాలేనా? కాదని ధ్వనిశాస్త్రం చెబుతుంది. 1863లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ జర్మన్ భాషలో స్వరానుభూతిపై గొప్ప గ్రంథం ప్రచురించాడు. అలెగ్జాండర్ ఎల్లిస్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1875లో వచ్చింది. అపశ్రుతికి కారణం గరుకుదనమేనని హెల్మ్‌హోల్ట్స్ వాదించాడు. 440, 444 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగితే సెకనుకు నాలుగుసార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. అది నెమ్మదిగా ఊగినట్టు ఉంటుంది. 440, 470 అయితే ఆ హెచ్చుతగ్గులు సెకనుకు 30కి చేరతాయి. చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టలేదు, గీసుకుపోతున్నట్టు వింటుంది. 1965లో ప్లోంప్, లెవెల్ట్ అనే డచ్చి పరిశోధకులు ఈ గరుకుదనాన్ని లోపలి చెవి పౌనఃపున్యాలను విడదీసే పరిధితో ముడిపెట్టి చూపారు. ఆ పరిధిలో నాలుగో వంతు దూరంలో రెండు స్వరాలు ఉన్నప్పుడు గరుకుదనం అత్యధికం.

ఇప్పుడు ఆ గరుకుదనానికి ఒక కొలమానం కూడా ఉంది. దాని పేరు ‘ఆస్పర్’, లాటిన్‌లో గరుకు అనే అర్థమున్న మాట. 60 డెసిబెళ్ల తీవ్రత, 1000 హెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్న స్వరాన్ని సెకనుకు 70 సార్లు పూర్తిగా హెచ్చించి తగ్గిస్తే కలిగే గరుకుదనం ఒక ఆస్పర్. ధ్వని పదునుకు ‘ఆకుమ్’ అనే మరో కొలత ఉంది. పదును, గరుకుదనం, బిగ్గరతనం పెరిగేకొద్దీ ఇంపు తగ్గుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబర్‌హార్ట్ ట్స్‌వికర్ రూపొందించిన నమూనా చెబుతుంది. కవులు, జనం శతాబ్దాలుగా వాడిన స్పర్శపదాలనే ప్రయోగశాల కొలతలుగా స్వీకరించింది. స్మూత్ వాయిస్ అన్నప్పుడు ఇంగ్లీషు మాట్లాడేవాడు అతిశయోక్తి చెప్పడం లేదు. తన చెవిలో నిజంగా లేని ఒక కంపనం గురించి చెబుతున్నాడు.

ఇది ఒక్క ఇంగ్లీషు లక్షణమూ కాదు. 2014లో జకారాకిస్, పాస్టియాడిస్, రీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు, గ్రీకు మాట్లాడేవారి చేత వాద్యధ్వనులను వర్ణింపజేసి పోల్చారు. రెండు భాషల వర్ణనలూ మూడు మూల గుణాల చుట్టూ చేరాయి: కాంతి, అల్లిక, బరువు. 13వ శతాబ్దంలో దేవగిరి ఆస్థానంలో ఉన్న శార్‌ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో చెప్పిన పదిహేను కంఠగుణాలను ఈ వెలుగులో చదవాలి. ఛవిమత్తు కాంతిని, స్నిగ్ధం, శ్లక్ష్ణం, కోమలం అల్లికను, ఘనం బరువును చెబుతాయి. మధురం రుచిని చేరుస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ల దూరంలో, సంబంధం లేని రెండు విద్యల్లో ఒకే విభజన కనిపించడం గొప్ప విషయం. కంఠాన్ని వర్ణించే మాటలకు మన శాస్త్రం ఇంత సూక్ష్మమైన విభాగం చేసిపెట్టి ఉండగా, అనువాదంలో రెండు మాటలతో సరిపెట్టుకోవడం విచారకరం.

మాటే తీయగా మోగడం

తీయదనాన్ని చెప్పే మాట తాను కూడా తీయగా ఉండాలా? ఇంగ్లీషువారు ఈ ప్రశ్నను చాలా శ్రద్ధగా పట్టించుకున్నారు. 1932లో నిఘంటుకారుడు విల్‌ఫ్రెడ్ ఫంక్ ఇంగ్లీషులో అత్యంత అందమైనవని తాను భావించిన పది మాటలు ప్రకటించాడు: చైమ్స్, డాన్, గోల్డెన్, హష్, లలబై, ల్యూమినస్, మెలొడీ, మిస్ట్, మర్మరింగ్, ట్రాంక్విల్. వీటిని రెండు కోణాల్లో పరిశీలించవచ్చు. అర్థం వైపు నుంచి చూస్తే చైమ్స్, హష్, లలబై, మెలొడీ, మర్మరింగ్ అన్న అయిదు మాటలు వినికిడికి సంబంధించినవే. ఉచ్చారణ వైపు నుంచి చూస్తే ఒక్క ‘హష్’ తప్ప మిగిలిన తొమ్మిదింటిలో ల, మ, న, ర ధ్వనుల్లో ఏదో ఒకటైనా ఉంది. గాలి పూర్తిగా ఆగిపోకుండా, గొంతు మోగుతుండగా పలికే హల్లులవి. ‘హష్’ మాత్రం అర్థబలంతోనే జాబితాలో చోటు సంపాదించింది.

అర్థాన్నీ ధ్వనినీ విడదీయాలనుకున్నవాడు జె.ఆర్.ఆర్. టోల్కిన్. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు, వెల్ష్ భాషలపై చేసిన ప్రసంగంలో ‘సెల్లర్ డోర్’ అన్న పదబంధాన్ని ఉదాహరించాడు. దాని అర్థం నేలమాళిగ తలుపు. అందులో అందమేమీ లేదు. అర్థం, వర్ణక్రమం మరిచి వింటే అది అందంగా మోగుతుందని ఆయన వాదన. 1995లో డేవిడ్ క్రిస్టల్ అందమైన మాటల జాబితాలను పోల్చి వాటిలో తరచుగా కనిపించే లక్షణాలను క్రోడీకరించాడు. మూడు లేదా అంతకుమించిన అక్షరాలు, మొదటి అక్షరం మీద ఊనిక, మ, ల ధ్వనులు ఉండటం వాటిలో కొన్ని. ఈ కొలతకు మెలొడీ చక్కగా సరిపోతుంది. మెలిఫ్లువస్‌లో ఊనిక రెండో అక్షరం మీదికి జరిగినా, మ, ల, ఫ వరుసలో గాలి ఎక్కడా పూర్తిగా ఆగిపోదు. ధ్వని అర్థానికి సాయపడే ఇలాంటి చోట్లనే ఒక మాట నిలిచిపోతుంది. 1849లో ఎడ్గర్ అలెన్ పో ‘ది బెల్స్’ కవితలో గంటల మోతకు వాడిన ‘టింటినాబ్యులేషన్’ పలకడానికి పొడవైనదే అయినా, లాటిన్ గంట పేరులోని అనుకరణ ధ్వని కారణంగా పాఠకుల నోట నిలిచింది. ‘మర్మర్’ కూడా అలాంటిదే. ఆకుల సడిని చెప్పే సంస్కృత ‘మర్మర’ ధ్వనికి అది అచ్చంగా జోడీ.

ఏ మాట ఏ గుణానికి

ఇంతవరకు చూసిన చరిత్రను ఉపయోగంలో పెడితే ప్రతి మాటకూ ఒక స్థానం దొరుకుతుంది. స్వరాల వరస బాగుంటే మెలోడియస్. వేర్వేరు స్వరాలు ఒకేసారి ఒదిగితే హార్మోనియస్. నాదం నిండుగా, గంభీరంగా దూరం పాకితే సోనరస్. తెలుగులో గంభీరం, కంచుకంఠం. ధ్వని మోగాక చోటు నిండా అనునాదం నిలిస్తే రెజొనెంట్. మాట ధారగా, తడబాటు లేకుండా సాగితే మెలిఫ్లువస్. తెలుగులో తేనెలొలికే పలుకు. అక్షరాల కూర్పు నోటికీ చెవికీ హాయిగా ఉంటే యూఫోనియస్, తెలుగులో శ్రవణసుభగం. పదును తగ్గి, మాగి, వెచ్చబడితే మెలో. తేటగా, పలుచగా మెరిస్తే సిల్వరీ.

‘లిల్టింగ్’ వీటన్నిటికీ భిన్నమైనది. అది స్వరాన్నీ నాదాన్నీ కాక నడకను చెబుతుంది. స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండు ప్రాంతాల్లో హుషారైన పాటకు వాడిన మాట అది. ఐర్లండులో వాద్యం లేకుండా నోటితోనే నాట్యపు వరసలు పాడడాన్ని లిల్టింగ్ అంటారు. దీనికి తెలుగులో చేతికందే మాట ‘తూగు’. పద్యానికి తూగు ఉందంటాం, పాటకు తూగు ఉందంటాం. ఈ మాటను పట్టుకోకుండా మధురమైన అని రాస్తే లయ గురించిన సమాచారం అక్కడితో ఆగిపోతుంది.

‘ఓరోటండ్’ గురించీ ఒక మాట. హోరేస్ కావ్యశాస్త్రంలోని ‘గుండ్రని నోటితో’ అనే అర్థమిచ్చే లాటిన్ పదబంధం దీనికి మూలం. 1827లో అమెరికన్ వైద్యుడు జేమ్స్ రష్ కంఠధ్వనిపై రాసిన గ్రంథంలో నిండైన, స్పష్టమైన స్వరానికి దీన్ని పారిభాషిక పదంగా వాడాడు. ఇప్పుడు ఇది ఆడంబరపు ఉపన్యాసాన్ని దెప్పడానికి ఎక్కువగా వినియోగమవుతోంది. ప్రశంసగా మొదలైన మాటలు కాలక్రమంలో ఎత్తిపొడుపుగా మారడం డల్సెట్‌లో చూసినదే. పెద్దమాటలకు ఈ ప్రమాదం ఎక్కువ, స్వీట్ వంటి చిన్నమాటలకు తక్కువ.

భాషల మీద తీర్పులు

ఈ పదజాలం గాత్రాలనూ వాద్యాలనూ వర్ణించడంతో ఆగలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు పండితులు దీన్ని మన భాషల మీద ప్రయోగించారు. 1856లో తొలిసారి వెలువడిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో రాబర్ట్ కాల్డ్‌వెల్ పదసంపదలో తెలుగును తమిళం తర్వాత ఉంచి, శ్రుతిమాధుర్యంలో మాత్రం ద్రావిడ భాషలన్నిటిలో ముందు నిలిపాడు. ప్రాచ్య ఇటాలియన్ అన్న పోలికనూ అక్కడ ప్రస్తావించాడు. వ్యాకరణ పరిభాషలోకి కూడా ఈ దృష్టి ప్రవేశించింది. 1879 నాటి విట్నీ సంస్కృత వ్యాకరణంలో సంధి అధ్యాయానికి ఉన్న శీర్షికలో ‘యూఫానిక్’ అన్న విశేషణం ఉంది. ధ్వనుల కలయికను నియమంగా చూసిన మన వ్యాకర్తల శాస్త్రీయ భావన, ఇంగ్లీషులోకి వెళ్లేసరికి చెవికింపు అనే అభిరుచి భావనగా మారింది.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయన్నది వ్యాకరణ సత్యం. ఇటాలియన్‌తో పోలికకు ఆధారం అదే. కానీ అచ్చుతో ముగియడం తీయదనం అవుతుందా? ఈ ప్రశ్నకు 2023లో గట్టి పరీక్ష జరిగింది. ఆండ్రే అనికిన్, అతని సహపరిశోధకులు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 228 భాషల మాటల రికార్డింగులను 820 మందికి వినిపించి, ఎంత బాగున్నాయో చెప్పమన్నారు. ఆ శ్రోతలు ఇంగ్లీషు, చైనీస్, సెమిటిక్ భాషలు మాతృభాషగా గలవారు. ఏ భాషకూ సహజంగా గొప్ప ఆధిక్యం కనపడలేదు. తీర్పును ఎక్కువగా మార్చినది పరిచయం. ఇది నాకు తెలిసిన భాషలా ఉందే అనిపించినప్పుడు శ్రోత దాన్ని మరింత మెచ్చుకున్నాడు. అంతకు దశాబ్దాల ముందే హవర్డ్ గైల్స్ బృందం ఒక యాస అందం దాన్ని మాట్లాడేవారి హోదా నుంచి వస్తుందని వాదించింది.

దీన్నిబట్టి కాల్డ్‌వెల్ తీర్పును విలువలేనిదని తోసిపుచ్చనక్కర లేదు. అది ఎవరి చెవి ఇచ్చిన తీర్పో గుర్తిస్తే చాలు. ఇటాలియన్ గానాన్ని శ్రావ్యతకు పరాకాష్ఠగా నేర్చుకున్న ఐరోపా చెవి అది. ఆ ప్రశంసను తెలుగువారు గర్వంగా ఉదహరించడంలో తప్పులేదు. కానీ తెలుగు మాధుర్యానికి శాస్త్రప్రమాణంగా నిలబెట్టడం సరికాదు. మన పద్యంలో, పదంలో, కృతిలో ఉన్న శ్రావ్యత అచ్చులతో ముగిసే పదాంతాల వల్లనే రాలేదు. యతిప్రాసలు, గణాల తూగు, గాయకుల సాధన కలిసి దాన్ని తయారుచేశాయి.

ముగింపు

ఈ పరిశీలనలో మూడు విషయాలు తేలుతున్నాయి. మధురధ్వనికి ఇంగ్లీషు వాడే మాటలు ఎక్కువగా రుచి, స్పర్శ, కాంతి, చేతిపని నుంచి వచ్చాయి. ఈ రాకకు నియతమైన దిశ ఉంది. గరుకు, నునుపు వంటి వాటికి చెవిలో భౌతికమైన ఆధారం కూడా ఉంది. ఒక్కొక్క మాట తాను పుట్టిన చోటు నుంచి ఒక ప్రత్యేక గుణాన్ని మోసుకొచ్చింది కాబట్టి అవి పర్యాయపదాలు కావు. ధ్వని గురించిన మాటలను భాషల మీద, మనుషుల యాసల మీద తీర్పులుగా వాడినప్పుడు అవి వినేవాడి పరిచయాన్నే ఎక్కువగా వెల్లడిస్తాయి.

మనకు చేయవలసిన పని దీని నుంచే స్పష్టమవుతుంది. తెలుగులో సంగీత విమర్శకు, ఇంగ్లీషు సాహిత్య బోధనకు ఉపయోగపడే ధ్వనివర్ణన పదకోశం ఒకటి తయారు కావాలి. అందులో ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఒక తెలుగు మాట పెట్టి ఊరుకోకుండా, అది వరసను చెబుతుందా, నాదాన్ని చెబుతుందా, నడకను చెబుతుందా, పలుకును చెబుతుందా అన్నది ముందు నిర్ణయించాలి. సంగీతరత్నాకరపు కంఠగుణాలు, కంచుకంఠం, తూగు, తేనెలొలకడం వంటి వాడుక మాటలు, ధ్వనిశాస్త్రపు కొలతలు, మూడూ ఆ పనికి ముడిసరుకుగా సిద్ధంగా ఉన్నాయి. వినే గుణాన్ని సరిగ్గా పేరుపెట్టి చెప్పగలిగిన విమర్శే శ్రోతను మళ్లీ, మరింత శ్రద్ధగా వినేలా చేస్తుంది. సంగీతానికి, కవిత్వానికి విమర్శ చేయగల అసలైన సేవ అదే.